గ్రామసభకు టెలివిజను తెర

హైదరాబాదునుండి లింగంపల్లికి పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలుమార్గమున భరత్‌నగర్, హైటెక్ సిటీ స్టేషనులకు నడుమ బోరబండ అను స్టేషను కలదు. దానికి దక్షిణముగా నున్న కొండలమీద జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగర్ వెలసినవి. మదరాసునుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నేడు ఇదియే నెలవు. ఆ పరిశ్రమలో దీపములు పట్టువారు, సామగ్రి మోయువారు, తెరవెనుక పనులు చేయువారు పలువురు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ పేటలలో కాపురముందురు.

చలనచిత్రముల కూర్పు జరుగు గదులలో, అనగా ఎడిటింగు గదులలో, సాధారణముగా ఒక యేర్పాటు కనబడును. కూర్పరి తన బల్లమీద నున్న చిన్న కంప్యూటరు తెరను చూచుచు పని చేయుచుండును. దర్శకుడు గాని, నిర్మాత గాని అతని భుజముమీదుగా తొంగిచూడవలసిన పనిలేదు. అదే కంప్యూటరునుండి మరియొక తీగ గోడకు తగిలించిన పెద్ద టెలివిజనుకు పోవును. కూర్పరి చేసిన ప్రతి మార్పును వెనుక కూర్చున్నవారు ఆ పెద్దతెరమీద చూచి, "ఇచట కొంత తగ్గింపుము, అచట కొంత పెంచుము" అని చెప్పగలుగుదురు. పనిచేయువాడొకడు; చూచి చెప్పువారు పలువురు.

గ్రామపంచాయతీకి కావలసినదియు సరిగా ఈ యేర్పాటే. నేడు పంచాయతీ లెక్కలన్నియు కంప్యూటరులోనే యున్నవి. కాని ఆ కంప్యూటరు తెరను చూచుచున్నవారెవరు? కార్యదర్శి ఒక్కడు, మహా అయిన, సర్పంచి మరియొకరు. గ్రామములోని తక్కినవారు పూర్వము చిట్టా పుస్తకమునైనను తిరుగవేసి చూడగలిగెడివారు. నేడు ఆ అవకాశము కూడ తగ్గినది. టెలివిజనును కంప్యూటరు తెరగా ఉపయోగించు విధానము తెలిసికొన్నచో ఈ లోపమును కొలది ఖర్చుతో సవరింపవచ్చును. ఆ విధానమును, దానియందలి చిక్కులను పంచాయతీ సభ్యులకు వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెర యెందులకు?

రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కలిగినది దానివలననే. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలల కొకసారియైనను గ్రామసభ జరుగవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23వ తేదీన 13,326 గ్రామపంచాయతీలలో ఒకేరోజున గ్రామసభలు జరిగినవి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభించిన ఇ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటు ద్వారా పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు కంప్యూటరులో నమోదగుచున్నవి.

సభయు జరుగుచున్నది, లెక్కయు ఉన్నది. ఈ రెండింటిని కలుపు వంతెన లేదు. సాధారణముగా సభలో జరుగునదేమి? కార్యదర్శి కాగితము చేతబట్టి పద్దులు వరుసగా చదువును. వీధిదీపములకింత, మురుగుకాలువ పూడికకింత, మంచినీటి మోటారు మరమ్మతున కింత అని అంకెలు చెవినబడి పోవుచుండును. మూడవ పద్దు వినునప్పటికి మొదటి పద్దు మరపునకు వచ్చును. ఎవరైన లేచి అడుగదలచినను, ఏ పద్దును గురించి అడుగవలెనో తోచదు. అవే పద్దులు అందరి యెదుట తెరమీద నిలిచియున్నచో సంగతి వేరుగా నుండును. ఒక ముసలామె కూడ మనుమని చేత చదివించుకొని, "మా వీధిలో దీపము వెలుగుటలేదు గదా, ఈ సొమ్ము ఏ వీధికి ఖర్చయినది?" అని అడుగగలుగును. చెవికి వినబడిన అంకె పోవును. కంటికి కనబడిన అంకె నిలుచును.

కొత్త సంగతి కాదు

పంచాయతీ యింటి ముందు టెలివిజను పెట్టి ఊరంతయు చూచుట మన గ్రామములకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31వ తేదీవరకు ఒక సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా విద్యాబోధన ప్రయోగము జరిగినది. దానిని పొట్టిగా 'సైట్' అని పిలిచిరి. అమెరికా దేశపు ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ద్వారా భారతదేశములోని ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదులో తయారైనవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చెడివి. ప్రతి గ్రామమునను టెలివిజను పెట్టెను కనిపెట్టుకొని యుండుట కొక బాధ్యుడుండెడివాడు. అనేకచోట్ల ఆ బాధ్యత బడిపంతులుదే. తెర అందరిదియే అయినను, దాని సంరక్షణ ఒకరి బాధ్యతగా నుండవలెనన్న పాఠము నేటికిని పనికివచ్చును.

టెలివిజనును కంప్యూటరుకు తెరగా వాడుటయు పాతదే. 1977లో వచ్చిన యాపిల్ 2, 1982లో వచ్చిన కమొడోర్ 64, సింక్లెయిర్ స్పెక్ట్రం మొదలగు ఇంటి కంప్యూటరులను ఆ యింటిలోని టెలివిజనుకే కలిపి వాడుకొనెడివారు. అయితే ఆ కాలపు టెలివిజను గాజుగొట్టములో బొమ్మ అడ్డగీతలుగా ఏర్పడెడిది. మన దేశపు పద్ధతిలో మొత్తము 625 గీతలు. వానిలో సగము ఒక మారు, సగము మరియొక మారు గీయబడుచుండెను. కదలు బొమ్మకు అది చాలినది గాని చిన్న అక్షరములకు చాలలేదు. స్పెక్ట్రం కంప్యూటరు ఒక పంక్తిలో 32 అక్షరములను మాత్రమే చూపగలిగెడిది. అందుచేత తరువాతి కాలమున కంప్యూటరుకు వేరుగా 'మానిటరు' అను తెర ప్రత్యేకముగా వాడుకలోనికి వచ్చినది.

నేటి భేదమేమి?

గాజుగొట్టముల కాలము పోయి పలుచని తెరల కాలము వచ్చిన పిమ్మట టెలివిజనుకు, మానిటరుకు గల భేదము చాలవరకు తొలగిపోయినది. రెండింటిలోను బొమ్మ సన్నని చుక్కలతో ఏర్పడును. టెలివిజనులో ప్రసారములను అందుకొను భాగము, మాటలు వినిపించు స్పీకర్లు, దూరమునుండి నడుపు రిమోటు అదనముగా నుండును. మానిటరులో సాధారణముగా అవి యుండవు. కాని దగ్గర కూర్చుండి చదువుటకు అనువుగా దాని చుక్కలు దట్టముగా నుండును.

ఈ చుక్కల దట్టమే ముఖ్యము. తెర ఎన్ని అంగుళములని మాత్రమే విచారించి కొనువారు మోసపోవుదురు. ఆ అంగుళములలో ఎన్ని చుక్కలున్నవో కూడ విచారింపవలెను. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గలదానిని 'ఫుల్ హెచ్.డి.' అందురు. 'హెచ్.డి. రెడీ' అను చౌకరకములో సాధారణముగా 1,366 అడ్డము, 768 నిలువు మాత్రమే యుండును. '4కె' అను రకమున 3,840 అడ్డము, 2,160 నిలువు కలవు.

24 అంగుళముల ఫుల్ హెచ్.డి. మానిటరులో ఒక అంగుళమునకు సుమారు 92 చుక్కలు పడును. 32 అంగుళముల ఫుల్ హెచ్.డి. టెలివిజనులో 69, అదే కొలత గల హెచ్.డి. రెడీ టెలివిజనులో 49 మాత్రమే. 43 అంగుళముల ఫుల్ హెచ్.డి.లో 51, 43 అంగుళముల 4కె తెరలో 102. కావున బల్లమీద పెట్టుకొని రోజంతయు దగ్గరనుండి పనిచేయుటకు హెచ్.డి. రెడీ టెలివిజను తగదు. అక్షరముల అంచులు గరుకుగా కనబడి కన్నులు అలసిపోవును. సభలో పది పదునైదడుగుల దూరమునుండి చూచుటకు మాత్రము ఫుల్ హెచ్.డి. తెర చక్కగా చాలును.

తెలుగు అక్షరమునకు కావలసిన చోటు

ఈ విషయమున మన లిపికి ఒక ప్రత్యేకత కలదు. ఇంగ్లీషు అక్షరములు ఒకే వరుసలో ఒదిగి యుండును. తెలుగున అక్షరముపైన గుడియో, ఏత్వమో, క్రింద ఒత్తు, ఒక్కొక్కచోట ఒత్తుక్రింద మరియొక ఒత్తు. ఇంగ్లీషు చదువదగినంత చిన్న కొలతలోనే తెలుగు ఒత్తులు అలుకుకొనిపోవును. ప, ఫ, ద, ధ, డ, ఢ అను జంటలలో భేదమంతయు ఒక చిన్న గీతలోనే యున్నది. ఆ గీత తెరమీద తెలియకపోయిన పేరు మారిపోవును. పింఛనుల జాబితాలోను, భూమి రికార్డులోను పేరు మారుట ఎంత చిక్కు తెచ్చునో సభ్యులకు చెప్పనక్కరలేదు. వెంకయ్య వేరు, వెంకటయ్య వేరు. ఒక్క అక్షరము పోయినందుకు కార్యాలయముల చుట్టు తిరిగిన రైతులు ప్రతి గ్రామమునను కలరు.

దూరమునుబట్టి అక్షరపు కొలతను నిర్ణయించుట కొక సులభమైన లెక్క కలదు. 10 అడుగుల దూరమునకు తెరమీద అక్షరము అర అంగుళము ఎత్తు, 20 అడుగులకు ఒక అంగుళము ఎత్తు ఉండవలెను. 43 అంగుళముల టెలివిజను తెర నిలువు కొలత సుమారు 21 అంగుళములు. గుడికి, ఒత్తుకు చోటు విడిచి పంక్తికి రెండు అంగుళముల చొప్పున లెక్కించిన, ఒకేసారి పది పంక్తులు పట్టును. కావున నూరు పద్దులు గల పట్టికను ఒక్కసారిగా తెరమీద పరచుట వ్యర్థము. పది పది పద్దులుగా విడదీసి, ఒక్కొక్క పుటను నిలిపి, చదివి వినిపించి, సందేహములు తీర్చిన పిమ్మట ముందునకు సాగవలెను. కంప్యూటరులో 'స్కేలు' అను సవరణను నూటికి 150 గాని, 200 గాని చేసినచో అక్షరములన్నియు ఒకేమారు పెద్దవగును.

కలుపు విధానము

టెలివిజను వెనుకభాగమున గాని, ప్రక్కన గాని ఉన్న రంధ్రములను ముందుగా పరిశీలింపవలెను. 'హెచ్.డి.ఎమ్.ఐ.' అని వ్రాసియున్న చిన్న పలుచని రంధ్రమే మనకు కావలసినది. 2002 చివర రూపొందిన ఈ పద్ధతిలో బొమ్మయు, ధ్వనియు ఒకే తీగలో పోవును. లాప్‌టాప్ కంప్యూటరునకు సాధారణముగా అదే రంధ్రము ఉండును. తీగ ఒక కొసను ఇచట, మరియొక కొసను అచట పెట్టవలెను. పిమ్మట టెలివిజను రిమోటుమీద 'సోర్స్' గాని, 'ఇన్‌పుట్' గాని అను మీటను నొక్కి, తీగ పెట్టిన రంధ్రపు సంఖ్యను ఎంచుకొనవలెను. తెర నల్లగా నున్నదని టెలివిజను చెడిపోయినదనుకొనువారు పలువురు ఈ మీటను మరచినవారే.

పాత కంప్యూటరులకు హెచ్.డి.ఎమ్.ఐ. ఉండదు. వానికి మూడు వరుసలలో పదునైదు చిల్లులు గల 'వి.జి.ఏ.' రంధ్రము మాత్రమే యుండును. ఇది 1987నాటి పద్ధతి. బొమ్మ మాత్రమే పోవును, ధ్వని పోదు. టెలివిజనుకు కూడ వి.జి.ఏ. యున్నచో నేరుగా కలుపవచ్చును. లేనిచో మార్పిడి పరికరము కొనవలెను. ఇచట ఒక జాగ్రత్త అవసరము. వి.జి.ఏ.నుండి హెచ్.డి.ఎమ్.ఐ.కి మార్చు పరికరము వేరు; హెచ్.డి.ఎమ్.ఐ.నుండి వి.జి.ఏ.కి మార్చునది వేరు. చూచుటకు ఒకే తీరుగా నుండును గాని ఒకదానికి బదులు మరియొకటి పనిచేయదు. మన కంప్యూటరునుండి టెలివిజనుకు పోవలసిన దిక్కును అంగడివానికి స్పష్టముగా చెప్పి కొనవలెను.

టెలివిజనుకు గల యు.ఎస్.బి. రంధ్రమును చూచి కంప్యూటరును దానికి కలుపవచ్చునని కొందరు భ్రమపడుదురు. అది పెన్‌డ్రైవునుండి ఫొటోలు, వీడియోలు చూపుటకు మాత్రమే. అయితే దానివలన ఒక ఉపాయము కలదు. సభాస్థలమునకు కంప్యూటరును తీసికొనిపోవుట వీలుకానప్పుడు, చూపదలచిన పుటలను ముందుగా ఫొటోలుగా మార్చి పెన్‌డ్రైవులో నుంచుకొన్నచో, రిమోటుతో ఒక్కొక్క పుటను తిప్పుచు చూపవచ్చును. కొన్ని మొబైలు ఫోనులనుండి కూడ తీగ ద్వారా బొమ్మను టెలివిజనుకు పంపవచ్చును గాని అన్ని ఫోనులకు ఆ శక్తి లేదు. తీగ లేకుండ పంపు పద్ధతియు కలదు. కాని సభ నడుమ తెగిపోవు చిక్కు దానియందు ఎక్కువ. కావున తీగయే మేలు. మామూలు రాగితీగ ఐదు మీటర్ల లోపున నున్నచో బొమ్మ చెదరదు.

అంచులు తెగుటకు కారణము

కలిపిన వెంటనే పలువురికి ఎదురగు మొదటి చిక్కు ఏమనగా, బొమ్మ నాలుగు అంచులును కొంతమేర తెర బయటికి పోవుట. పట్టికలోని మొదటి వరుస కనబడదు. కుడివైపున నున్న మొత్తముల అంకెలు సగము తెగును. లెక్కలు చూపువేళ మొత్తమే కనబడకపోయిన సభ్యులకు అనుమానము కలుగుట సహజము. ఇది ఎవరి తప్పును కాదు. గాజుగొట్టముల కాలమున బొమ్మ అంచులు వంకరగా నుండుటచే, అవి కనబడకుండ బొమ్మను కొంచెము పెంచి చూపు అలవాటు ఏర్పడినది. గొట్టములు పోయినను అలవాటు పోలేదు. చిత్రముల కూర్పు గదులలో పేర్లను, అక్షరములను తెర అంచులకు దూరముగా లోపలనే ఉంచు నియమము ఇందువలననే పుట్టినది.

దీనిని సవరించుటకు రిమోటులో బొమ్మ కొలతను మార్చు భాగమునకు పోయి, 'జస్ట్ స్కాన్' గాని, 'స్క్రీన్ ఫిట్' గాని, 'పి.సి.' గాని అను పేరుగల దానిని ఎంచుకొనవలెను. కంపెనీనిబట్టి పేరు మారును, ఫలితము ఒకటే.

రెండవ చిక్కు, అక్షరముల చుట్టు తెల్లని నీడవంటి గీతలు కనబడుట. సినిమా బొమ్మ స్ఫుటముగా నుండుటకై టెలివిజను చేయు మెరుగులే దీనికి కారణము. 'షార్ప్‌నెస్' అను దానిని బాగుగా తగ్గింపవలెను. మూడవది, ఎర్రని అక్షరములు అలికినట్లుండుట. టెలివిజను బొమ్మలలో రంగుల వివరమును కొంత తగ్గించి చూపు ఆచారము కలదు; 'పి.సి.' అను అమరిక ఈ దోషమును చాలవరకు పోగొట్టును. ఏమైనను తెల్లని నేలమీద నల్లని అక్షరములే శ్రేష్ఠము. నాలుగవది, మౌసును కదిపిన కొంత సేపటికిగాని తెరమీద గుర్తు కదలకుండుట. 'గేమ్' అను అమరికను ఎంచుకొన్నచో ఈ ఆలస్యము తగ్గును. ఆటలాడువారి కొరకు ఏర్పడినదే అయినను అది లెక్కలు వ్రాయువారికి కూడ ఉపకరించును.

కంప్యూటరు లేని యింట

ఇంతవరకు కంప్యూటరు ఉన్నదనుకొని చెప్పితిమి. లేనిచోట టెలివిజనునే కంప్యూటరుగా మార్చు ప్రయత్నములును మన రాష్ట్రములలో జరిగినవి. కేంద్రప్రభుత్వము 2011లో ఆమోదించి, పిమ్మట 'భారత్‌నెట్' అని పేరుపెట్టిన పథకముయొక్క ఆశయము గ్రామపంచాయతీలకు గాజుతీగ ద్వారా ఇంటర్నెట్టును చేర్చుట. ఆంధ్రప్రదేశ్‌లో కోనసీమకు చెందిన మోరి గ్రామమును 2016 డిసెంబరులో డిజిటల్ గ్రామముగా ప్రకటించిరి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. ఒకే తీగ ద్వారా టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు ఇంటికి చేర్చుట దాని పద్ధతి.

తెలంగాణలో టి-ఫైబర్ సేవలు 2024 డిసెంబరు 8వ తేదీన ప్రారంభమైనవి. సంగారెడ్డి జిల్లాలోని సంగుపేట, నారాయణపేట జిల్లాలోని మద్దూరు, పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ మొదట ఎంపికైన గ్రామములలోనివి. ఇంటిలోని టెలివిజనునే కంప్యూటరువలె వాడుకొను సౌకర్యము కల్పించుట ఆ పథకముయొక్క ముఖ్యాంశములలో నొకటి. 2025లో జియో సంస్థ కూడ తన సెట్‌టాప్ బాక్సుకు మీటల పలకను, మౌసును తగిలించి టెలివిజనును కంప్యూటరుగా వాడు ఏర్పాటును తెచ్చినది.

ఇది ఎట్లు సాధ్యమగును? లెక్కించుట, దాచుట మొదలగు పనులు మన యింటిలో జరుగవు. అవి దూరమున నున్న పెద్ద కంప్యూటరు కేంద్రములో జరుగును. అచట తయారైన బొమ్మ మాత్రము తీగవెంట మన టెలివిజనుకు వచ్చును. మనము నొక్కిన మీటల వార్త అచటికి పోవును. బోరు ఊరి చివరనున్నను కుళాయి ఇంటిముందు ఉన్నట్లే ఇదియు. పిల్లల చదువునకు, దరఖాస్తులు నింపుటకు ఇది చక్కగా ఉపయోగపడును. కాని బోరు ఆగిన కుళాయి ఎండునట్లు, తీగ తెగిననాడు కంప్యూటరును ఆగును. కావున గ్రామసభవంటి ముఖ్య సందర్భమునకు చూపదలచిన కాగితములను ముందురోజుననే పెన్‌డ్రైవులో భద్రపరచుకొనుట వివేకము.

విద్యుత్తు, పిడుగు

32 అంగుళముల ఎల్.ఇ.డి. టెలివిజనుకు సుమారు 50 వాట్ల విద్యుత్తు చాలును. మూడు గంటల సభకు యూనిట్టులో ఆరవవంతు కూడ ఖర్చు కాదు. ఖర్చుకంటె భద్రత ముఖ్యము. గ్రామములలో విద్యుత్తు హెచ్చుతగ్గులు ఎక్కువ గనుక తగిన స్టెబిలైజరు ఉండవలెను. టెలివిజను, కంప్యూటరు రెండును ఒకే పలకనుండి, సరియైన ఎర్తు గల ప్లగ్గునుండి విద్యుత్తు తీసికొనవలెను. ఎర్తు లేనిచోట తీగ పెట్టునప్పుడు చేతికి జిమ్ముమనుటయే గాక, ఆ రంధ్రములు మాడిపోవుటయు కలదు. రెండింటిని ఆపి, తీగ పెట్టి, పిమ్మట వెలిగించుట మంచి అలవాటు. ఉరుములు మెరుపులు గల వేళ స్విచ్చి ఆపుట చాలదు; ప్లగ్గును, కేబులు తీగను, యాంటెన్నా తీగను ఊడదీయవలెను.

సభలో పాటింపవలసినవి

తెరమీద అన్నియు చూపరాదు. ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు, ఫోను సంఖ్యలు, రోగముల వివరములు పదిమందిలో పెట్టదగినవి కావు. జాబితాలో పేరు, వీధి, మంజూరైన మొత్తము చూపిన చాలును. తక్కిన గడులను దాచవలెను. కార్యదర్శి సంకేతపదములు, డిజిటల్ సంతకమునకు సంబంధించిన తాళములు, ఫోనుకు వచ్చు తాత్కాలిక సంఖ్యలు ఎన్నడును పెద్దతెరకు ఎక్కరాదు.

దీనికి కంప్యూటరులోనే మార్గము కలదు. విండోస్ గుర్తుగల మీటను, 'పి' అక్షరపు మీటను కలిపి నొక్కిన నాలుగు పద్ధతులు కనబడును. వానిలో 'డూప్లికేట్' అనునది రెండు తెరలమీద ఒకే బొమ్మను చూపును. 'ఎక్స్‌టెండ్' అనునది పెద్దతెరను వేరు బల్లవలె చేయును. ఈ రెండవ పద్ధతిలో కార్యదర్శి తన చిన్నతెరమీద తాళములు తెరచుకొని, చూపదలచిన పుటను మాత్రమే పెద్దతెరకు జరుపవచ్చును. సభకు ఇదియే తగినది.

తెర వచ్చినదని చదివి వినిపించుట మానరాదు. చదువురానివారు, చూపు మందగించినవారు సభలో తప్పక యుందురు. ప్రతి పద్దును బిగ్గరగా చదువవలెను. 43 అంగుళముల తెర ఇరువది అడుగులకు మించి పనికిరాదు గనుక, వెనుకవరుసలో నుండువారిని, ముఖ్యముగా స్త్రీలను, ముందునకు పిలిచి కూర్చుండబెట్టవలెను. ఎండ తెరమీద పడకుండ చావడిలోపల గాని, సాయంవేళ గాని సభ జరుపవలెను. ఎవరైన తమ పేరులో తప్పు కలదని చెప్పినచో, ఆ తప్పును అందరి యెదుటనే వ్రాసికొని, సరియైన రూపమును తెరమీద చూపి, "ఇది సరియేనా?" అని అడిగి నిర్ధారించుకొనవలెను.

కొనుటకు ముందు

ప్రతి పంచాయతీయు కొత్త టెలివిజను కొనవలెనని దీని తాత్పర్యము కాదు. ముందుగా ఊరిలో ఉన్నదేమో చూడవలెను. ఆంధ్రప్రదేశ్‌లో అనేక ప్రభుత్వ పాఠశాలలకు ఇటీవలి సంవత్సరములలో స్మార్టు టెలివిజనులు, పెద్ద డిజిటల్ పలకలు సమకూర్చబడినవి. ప్రధానోపాధ్యాయుని అనుమతితో సెలవుదినమున బడిలోనే గ్రామసభ జరుపుకొన్నచో ఖర్చే లేదు. కొనవలసివచ్చినచో ఈ ప్రశ్నలు వేయుట మంచిది.

1. తెరలో చుక్కలెన్ని? ఫుల్ హెచ్.డి.కి తక్కువైనది సభకు వలదు.

2. హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రములు ఎన్ని? ఒకటి సెట్‌టాప్ బాక్సుకు పోయినను మరియొకటి కంప్యూటరుకు మిగులవలెను.

3. అంచులు తెగకుండ చూపు అమరిక కలదా? అంగడిలోనే లాప్‌టాప్ తగిలించి, మన పంచాయతీ పట్టికనే తెలుగున తెరిపించి చూడవలెను.

4. మరమ్మతు చేయువారు మండల కేంద్రములోనైనను కలరా? గ్యారంటీ ఎంతకాలము?

కొన్న పిమ్మట పంచాయతీ తీర్మానమును, బిల్లును భద్రపరచి, స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను. రిమోటు, తీగ, మార్పిడి పరికరము ఎవరి స్వాధీనమున నున్నవో వ్రాసియుంచవలెను. మూరెడు తీగ కనబడక సభ వాయిదాపడుట పంచాయతీకి గౌరవము కాదు.

బోరబండకు దక్షిణముననున్న కూర్పు గదులలో పెద్దతెర ఎందుకు పెట్టిరో మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. తప్పును చిత్రము ఊరికి చేరకముందే పట్టుకొనుటకు. పనిచేసినవాని కంటికి కనబడని తప్పు ప్రక్కనున్నవాని కంటికి కనబడును. పంచాయతీ లెక్కకును, జాబితాకును ఇదియే వర్తించును. పేరులోని తప్పు గ్రామసభలో కనబడిన ఒక్క నిమిషములో సరియగును. కార్యాలయమునకు పోయిన తరువాత కనబడిన నెలలు పట్టును. వచ్చు గ్రామసభకు ముందు సభ్యులు ఒక సాయంకాలము కార్యదర్శితో కూర్చుండి, ఊరిలో నున్న టెలివిజనుకే కంప్యూటరును కలిపి, ఒక్క పద్దుల పుటను తెరమీద చూచుకొందురుగాక. ఆ పుటను ఊరివారు తమ కన్నులతో చదివిననాడు, ఆ లెక్క కార్యదర్శి లెక్కగా గాక ఊరి లెక్కగా నిలుచును.